తడిగుడ్డ కింద తల

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. బొమ్మలకి రంగులు వేస్తున్న నాన్న, చెవుడు వచ్చినట్టు నటించే నాయనమ్మ, బంకమట్టితో ఒక తల చెయ్యడానికి కుస్తీ పడుతున్న అన్న, వాడి పక్కన నీళ్ల గిన్నె పట్టుకున్న చెల్లెలు పిచ్చుక, కాలువ అవతలి పేటతో గొడవకి కుర్రాళ్లని కూడగడుతూ, ఆ మట్టి తల కోసం వచ్చి కూర్చున్న లీడరక్క.

పిచ్చుక అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరే. బయటివాళ్ల ముందు ఆ పిల్లకి నోరు పెగలదు.

"కాలువ అవతలివాళ్ల మొహం చెయ్యి తమ్ముడూ," అంది లీడరక్క. "పిరికితనం, కుళ్లు, అన్నీ కనబడాలి. సాయంత్రం కూడలిలో దీన్ని పగలగొట్టి, అట్నుంచి అటే వాళ్ల కొట్లకి నిప్పు పెడదాం. నువ్వు కదిలితేనే కుర్రాళ్లు కదులుతారు."

నాన్న కుంచె ఆగిపోయింది. వద్దురా అని చెప్పీ చెప్పీ ఆయన ఎప్పుడో అలిసిపోయాడు.

ఎదురుగా నమూనా లేకపోతే ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. ఎడమచేత్తో తమ మొహం తడుముకుంటూ కుడిచేత్తో మట్టి ఒత్తుతారు. తర్వాత ఆ పోలిక చెరిపేస్తారు. కోపంలో అన్న చెరపడం మరిచాడు.

"అబ్బ, అచ్చం వాళ్లే! చూస్తేనే ఒళ్లు మండుతోంది!" అంది లీడరక్క.

పిచ్చుక నీళ్ల గిన్నె కింద పెట్టింది. ఇప్పుడు మాట్లాడకపోతే అన్న వెళ్లిపోతాడు.

"అది... అన్న మొహం," అంది.

"ఏంటీ?"

"గడ్డం మీద ఆ సొట్ట చూడండి."

ఆ గుసగుస నాయనమ్మకి భేషుగ్గా వినిపించింది. "నేనప్పుడే అనుకున్నా. అన్నం వద్దని అలిగితే వీడి మూతి ఇంతే!"

అన్న గోడ అద్దం తీసి ఆ తల పక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"అక్కా, నువ్వు పిరికితనం అన్నప్పుడు నాకు వాళ్లెవరూ గుర్తురాలేదు. ఇంటర్వ్యూలో గొంతెండి పారిపోయొచ్చానే, అది గుర్తొచ్చింది. కుళ్లన్నావు. ఆ ఉద్యోగం కాలువ అవతలి కుర్రాడికి వచ్చిందని నేను పడ్డ మంట గుర్తొచ్చింది."

"అయితే పగలగొట్టు. పీడా పోతుంది."

"పోదు. నాలోది నేనే చూసుకోవాలి. నేను రాను."

మట్టి తల మీద తడిగుడ్డ కప్పాడు. ఇంకా పని మిగిలిన మట్టికే ఆ ఇంట్లో తడిగుడ్డ కప్పుతారు. నాన్న ఆ గుడ్డ వంకే చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. చెంప నిండా రంగు.

"పిరికిపందా!" అంటూ లేచింది లీడరక్క.

"అవునక్కా," అన్నాడు అన్న నవ్వుతూ. "ఇప్పుడే చూశాను."

ఆవిడ గడప దాటి, ఇంకేదో అనబోతూ వెనక్కి తిరిగింది.

"వెళ్లిరండి," అని గట్టిగా అని, ఆవిడ మొహం మీదే తలుపేసింది పిచ్చుక.