గోడమీద రెండో కమ్మీ

గ్యారేజీ సర్దడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. ముప్పై ఏళ్ల చెత్త అది. ఎండిపోయిన పెయింటు డబ్బాలు, ఎవరిదో తెలియని పడవ మోటారు, కాఫీ డబ్బాల నిండా తుప్పు మేకులు, అన్నీ తీసేశాను. కిటికీ పక్కన కొత్త బల్ల వేశాను. వెనక గోడకి చిల్లుల పలక బిగించి, ఒక్కో పనిముట్టునూ దానిమీద ఆనించి చుట్టూ నల్లరంగుతో గీత గీశాను. పేర్లు రాయడంకంటే ఆకారం గీయడం నాకు తేలిక.

నా భార్య వెల్డాకి అది చూపించి ఒక్క మాట చెప్పాను. "ఎక్కడిది అక్కడే పెట్టాలి."

"పెళ్లయిన నలభై ఆరేళ్లకి నోరు తెరిచావు డెల్బర్ట్, అదీ నాకు హుకుం వెయ్యడానికి," అని నవ్వింది. కానీ పాటించింది. నాకంటే బాగా పాటించింది.

ఇక మిగిలింది కారు వచ్చే పెద్ద తలుపు. దాని పైన అడ్డంగా ఉన్న ఇరుసుకి రెండు స్ప్రింగులుంటాయి. తలుపు బరువంతా మోసేవి అవే. ఒకటి చలికాలంలో విరిగింది. రెండోది బిగిసే ఉంది. కొత్తవి వెయ్యాలంటే ముందు దాన్ని వదులు చెయ్యాలి. దానికి రెండు ఇనప కమ్మీలు కావాలి. ఒకటి స్ప్రింగు చివరనున్న చిల్లులో గుచ్చి పావు చుట్టు దించాలి. రెండోది పక్క చిల్లులో గుచ్చి, బరువు దానిమీదకి తీసుకున్నాకే మొదటిది లాగాలి. మధ్యలో చెయ్యి జారితే కమ్మీ గిర్రున తిరిగొచ్చి మనిషిని కొడుతుంది. ఫౌండ్రీలో నాతో పనిచేసిన రూఫస్ దవడ అలాగే పోయింది. చచ్చేదాకా గొట్టంతో సూప్ తాగాడు.

శనివారం పొద్దున్న తలుపు కదలకుండా దాని పట్టాకి ఒక పట్టకారు బిగించాను. ఒక కమ్మీ స్ప్రింగులో గుచ్చాను. రెండోది మడత నిచ్చెన పై మెట్టుమీద పెట్టి, కాఫీకి లోపలికి వెళ్లాను. తాగుతుండగా వెల్డా గ్యారేజీ వైపునుంచి వచ్చి, "పిండి అయిపోయింది, స్టోరుకి వెళ్లొస్తా," అంది. తల ఊపాను. వాకిట్లో ఉన్న కారు వెళ్లిన చప్పుడు వినిపించింది.

మళ్లీ వచ్చి నిచ్చెనెక్కాను. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని, కుడి చేత్తో పానా పెట్టి మరలు వదులు చేశాను. స్ప్రింగు బరువంతా ఒక్కసారి నా భుజంలోకి దిగింది. పానా మెట్టుమీద పెట్టి రెండో కమ్మీకోసం తడిమాను. ఏమీ తగల్లేదు. మళ్లీ తడిమాను. పానాకి చెయ్యి తగిలి అది కిందపడి ఖంగుమంది.

తల తిప్పాను. రెండో కమ్మీ గోడమీద ఉంది. రంపం పక్కన, నేను గీసిన గీతలో సరిగ్గా వేలాడుతోంది. దాని కిందే, నేను తలుపు పట్టాకి బిగించిన పట్టకారు. నాకు పన్నెండు అడుగుల దూరం. ఇదివరకైతే అన్నీ నా కాళ్ల దగ్గరే పడుండేవి.

రెండు చేతులతో కమ్మీని పట్టుకున్నాను. కిందికి దించి తలుపుకి ఆనిద్దామంటే తలుపు పై వరుసంతా గాజు. ఈ ఒత్తిడికి అది ఆగదు. స్ప్రింగు కిర్రుమంది. డెబ్బై మూడేళ్ల మోచేతులు వణకడం మొదలుపెట్టాయి. చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

వెల్డా ఇంటికొచ్చేటప్పుడు అలవాటుగా వీధి మొదట్లోనే తలుపు రిమోట్ నొక్కుతుంది. తను వచ్చేసరికి తలుపు తెరిచి ఉండాలి. పట్టకారు ఉంది కదా అని నేను తలుపు మోటారు ప్లగ్గు తియ్యలేదు. తలుపు లేస్తే పై పలక లోపలికి వంగుతుంది. నిచ్చెన దానికి ఆనుకొనే ఉంది. నిచ్చెన పోతే నేను పోతాను, కమ్మీ నా ముఖం వెతుక్కుంటుంది.

గాజులోంచి వీధి కనబడుతోంది. ఖాళీగా ఉంది. ఎదురింటి వరండాలో హోబర్ట్ చిక్కుళ్లు వలుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఎదురుబొదురు ఉంటున్నాం. తల ఊపడం తప్ప అతనితో నేను మాట్లాడింది లేదు.

పిలవాలనుకున్నాను. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు. కమ్మీ వేలెడంత కిందికి జారింది.

వీధి మొదట్లో మా గోధుమరంగు కారు తిరిగింది. మెల్లగా వస్తోంది. వెల్డా చెయ్యి పైకి లేచింది, ఎండ అడ్డుపలక వైపు. రిమోట్ అక్కడే ఉంటుంది.

"హోబర్ట్!"

అది నా గొంతులా లేదు. తెరిచి ఉన్న పక్క తలుపులోంచి వీధి మీదకి పోయింది. "ఆపు! కారు ఆపు! రిమోట్ నొక్కొద్దను!"

చిక్కుళ్ల గిన్నె బోర్లా పడింది. హోబర్ట్ చెప్పుల్లేకుండా రోడ్డుమీదకి పరుగెత్తి, రెండు చేతులూ చాచి కారుకి అడ్డం నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి.

"ఏమయ్యా, పొద్దున్నే పట్టించావా?" వెల్డా కేక.

"రిమోట్ కింద పెట్టమ్మా! మీ ఆయన మాట్లాడాడు!"

"ఏంటీ?"

"మాట్లాడాడంటున్నా! ఇల్లే కాలిపోతోందో ఏమో!"

ఇద్దరూ పక్క తలుపులోంచి వచ్చారు. వెల్డా నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ప్లగ్గు," అన్నాను. ఆమె పరుగెత్తి లాగేసింది.

"కమ్మీ. గోడమీద. రంపం పక్కన."

హోబర్ట్ వెతకనక్కర్లేకపోయింది. వచ్చి నిచ్చెన రెండో వైపు ఎక్కి, చెప్పిన చిల్లులో గుచ్చి పట్టుకున్నాడు. ఇరవై ఏడు పావుచుట్లు దించాం. స్ప్రింగు వదులై చప్పుడు ఆగిపోయాక కూడా నా వేళ్లు విప్పుకోలేదు. వెల్డా ఒక్కొక్కటే ఊడదీసింది.

"ఎక్కడిది అక్కడ పెట్టమన్నావు," అంది ఏడుస్తూ. "పెట్టాను. ఇది ముట్టుకోకు, దీంతో పనుంది అని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"



సోమవారం కొత్త స్ప్రింగులు ఎక్కించాం. హోబర్ట్ నిచ్చెన పట్టుకున్నాడు. వెల్డా రిమోట్ ఏప్రాన్ జేబులో వేసుకొని బకెట్టు బోర్లించి కూర్చుంది. నేను పైనుంచి చెప్తూనే ఉన్నాను. ఇది ఎడమ కమ్మీ, ఇది కుడిది, ఇప్పుడు బరువు నా చేతిలో ఉంది, ఇప్పుడు లేదు.

"చాల్లే బాబూ, చెవులు పోతున్నాయి," అంది వెల్డా.

ఆపలేదు. మాట ఆగితే స్ప్రింగు కిర్రుమనడం వినబడుతోంది.