ఆళ్లగడ్డ బస్సులో నిద్ర

ప్రమీల నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ నర్సు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. ఇంటికొచ్చేసరికి కూతురు ఏంజెల్ బడికి వెళ్లిపోయి ఉంటుంది. భర్త ఫిలిప్ టైల్స్ షాపుకు బయల్దేరుతూ చెప్పులేసుకుంటూ ఉంటాడు. ఇక ఇంట్లో మిగిలేది ప్రమీల, ఆమె మామ సామ్యేలు.

సామ్యేలు గోస్పాడు పక్కన ఒక ఊళ్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేశాడు. మూడేళ్ల నుంచి మతిమరుపు జబ్బు. కొడుకు పేరు కూడా ఒక్కోసారి గుర్తుండదు. కానీ ఎప్పటిదో ఒక తరగతి హాజరు పట్టీ మాత్రం నలభై రెండు పేర్లూ వరసగా నోటికి వచ్చు. పొద్దున తొమ్మిది కాగానే మంచం మీద నిటారుగా కూర్చుని మొదలుపెడతాడు.

"వెంకటేశ్వర్లూ!"

రోడ్డు దాకా వినపడే గొంతు. ఎవరూ పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుస్తాడు. ప్రమీల పక్క గదిలో కళ్లు మూసుకునే "ప్రెజెంట్ సార్" అంటుంది. అప్పుడు రెండో పేరుకు పోతాడు. నలభై రెండూ అయ్యాక కాసేపు ఊరుకుని, మళ్లీ మొదటి నుంచి. రెండు గదుల మధ్య తలుపు లేదు, తెరగా కట్టిన చీర ఉంది, అంతే. చెవుల్లో దూది పెట్టుకుంది. దుప్పటి ముసుగు పెట్టింది. ఒకసారి విసుగొచ్చి "నోరు మూసుకో మామా!" అని అరిచింది. ఆయన భయపడిపోయి, తెర వైపు చూస్తూ, "తప్పయింది సార్" అన్నాడు. ఆ రోజు అసలు నిద్ర పట్టలేదు.

బనగానపల్లెలో ఉన్న ఆడబిడ్డ మామను ఒక వారం ఉంచుకుని తెచ్చి దింపిపోయింది. పగటి డ్యూటీ అడిగితే, ముందే నలుగురు అడిగి ఉన్నారని హెడ్ నర్సు చెప్పింది.

ఫిబ్రవరిలో ఒకరోజు ప్రమీల ఒక పేషెంటుకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పక్క మంచం మనిషికి ఇవ్వబోయింది. సూది చర్మానికి తగలబోతుండగా పేరు చూసుకుంది. ఎవరూ గమనించలేదు. ఆమె బాత్రూంలోకి వెళ్లి మొహం మీద చన్నీళ్లు కొట్టుకుని వచ్చి, సరైన మంచం దగ్గరికి పోయింది.

ఆ వారంలోనే ఆళ్లగడ్డలో పెద్దమ్మ చనిపోతే డ్యూటీ దిగి అటే బస్సెక్కింది. దారిలో వచ్చే శిరివెళ్ల కూడా చూడలేదు. కండక్టరు భుజం తట్టి "అమ్మా, ఆళ్లగడ్డ వచ్చింది, దిగు" అనేదాకా ఒళ్లు తెలియలేదు. వచ్చేటప్పుడూ అంతే. హారన్లు, బస్సు కుదుపులు, పక్కవాళ్ల ఫోన్లు అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ ఆమె ఎవరికీ పలకాల్సిన పని లేదు.

మరుసటి వారం నుంచి ఆమె ఆళ్లగడ్డకు పోయి రావడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పక్కింటి శాంతమ్మకు ఫోన్ చేసి, "డ్యూటీ పొడిగించినారక్కా, పదకొండు దాకా మామను చూడు" అని చెప్పేది. ఫిలిప్‌కూ అదే అబద్ధం. పోతూ గంట, వస్తూ గంట. ఆ రెండు గంటలతో రాత్రి మనిషిలా నిలబడగలిగేది.

నాలుగో వారం బుధవారం ఆళ్లగడ్డ బస్టాండులో దిగి ఫోను చూసుకుంటే పద్నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ ఫిలిప్‌వే.

"యాడుండావ్?" అన్నాడు ఫిలిప్.

"ఏమైంది?"

"నాయన కనపడల్యా. శాంతమ్మక్క నీళ్లు పట్టుకునే లోపల గేటు తీసుకుని పోయినాడంట. ఆస్పత్రికి పోతే నువ్వు ఎనిమిదికే దిగినావంటాండారు. యాడుండావో చెప్పు."

"ఆళ్లగడ్డలో."

"ఆడ నీకేం పని?"

"వస్తాండా" అని పెట్టేసింది.

నంద్యాల బస్సు కదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేక డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది. "తొందరగా పోనీ అన్నా" అంది. "ముందర లారీలు కనపడల్యామ్మా?" అన్నాడు డ్రైవరు. శిరివెళ్లలో ఎవరో మిరపకాయల మూటలు ఎక్కించుకుంటుంటే బస్సు ఆగిపోయింది. ఆమె కళ్ల ముందు మాత్రం హైవే మీద లారీల మధ్య తెల్ల చొక్కాతో నడుస్తున్న ముసలాయనే కనపడుతున్నాడు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా కుదరలేదు.

నంద్యాల పొలిమేరలో ఫోన్ మోగింది. మామ దొరికాడని ఫిలిప్ చెప్పాడు. రెండు వీధుల అవతల బడి వరండాలో కూర్చుని ఉన్నాడు. మోకాలు గీసుకుపోయిందంతే. టీచరమ్మ నీళ్లిచ్చి కూర్చోబెట్టిందట.

ఇంటికొచ్చేసరికి సామ్యేలు అలిసిపోయి గాఢంగా నిద్రపోతున్నాడు. ఫిలిప్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి పోతాండావ్?"

"నెల."

"ఎవరి కోసం?"

"నిద్దర కోసం."

"ఏందీ?"

"బస్సులో నిద్దరొస్తాది. ఎవరూ పిలవరు."

ఫిలిప్ ఆమె మొహంలోకి చూశాడు. కళ్లు పీక్కుపోయి, వాటి కింద నల్లబడి ఉంది. రోజూ చూస్తున్న మొహమే. "ఒక మాట నాతో చెప్పుండొచ్చు గదా" అన్నాడు.

"చెప్తే ఏం జేసేవాడివి?"

అతను గడప మీద నుంచి లేచాడు. లోపలికి పోయి తండ్రి మోకాలికి కట్టిన గుడ్డ సర్దాడు.

గురు, శుక్రవారాలు షాపులో సెలవు పెట్టి, పొద్దున్నే తండ్రిని స్కూటర్ మీద ఎక్కించుకుని తిప్పాడు. గోస్పాడు పక్క ఊరి దాకా తీసుకుపోయి ఆయన పాత బడి చూపించాడు. ప్రమీల ఒకరోజు ఐదు గంటలు, ఒకరోజు నాలుగు గంటలు నిద్రపోయింది. శుక్రవారం సాయంత్రం షాపు ఓనరు ఫోన్ చేసి, ఇంకో రోజు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. శనివారం ఇంట్లో మళ్లీ మామూలే.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే శాంతమ్మ గేటు దగ్గర ఆపింది. "ఇంగ నా మీద ఇడిసిపెట్టొద్దు ప్రమీలా. నాకు బయమైతాది. ఆయప్పకు ఏమన్నా అయితే నేనేం జెప్పేది?" అంది. ఆమె తప్పేమీ లేదు. ప్రమీల తలూపింది.

సోమవారం ఫిలిప్ స్కూటర్ బయటికి తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు. డ్యూటీ దిగి వచ్చిన ప్రమీల బ్యాగు ఇంకా భుజానికే ఉంది.

"ఎట్ల జేస్తావ్ ఈ పొద్దు?" అన్నాడు.

"తెలీదు. నువ్వు పో. టైమైతాంది."

అతను స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆమె గేటు గడియ వేసి, అది సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, లోపలికి వెళ్లింది.