టేపు పిన్ని గ్రాఫిక్స్ కార్డు

ఆ వీధిలో ఆమెను అందరూ టేపు పిన్ని అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. కుట్టు మిషనుకూ ఇస్త్రీ బల్లకూ మధ్య ఇరుకులో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండు కొట్టగానే పిన్ని మిషను మీద గుడ్డ కప్పేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తుపాకీ పట్టుకుని ఒక దీవిలోకి దూకేస్తుంది. నవ్వకండి. యాభై రెండేళ్ళ మనిషి దూకకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు.

దూకేది ఒక్కతే కాదు, అక్కతో కలిసి. అక్క వేరే ఊళ్ళో ఒక స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. జంటలు జంటలుగా దీవిలో దిగి, ఒకరినొకరు కాల్చుకుని, ఆఖరుకు మిగిలిన జంట గెలిచే ఆట అది. అక్కాచెల్లెళ్ళు ఏడాదిగా ఆడుతున్నారు, ఒక్కసారి గెలిస్తే ఒట్టు. అయిదు నిమిషాలు గడిచేసరికి పిన్నిని ఎవడో వెనక నుంచి టపీమని కొట్టేస్తాడు. వాడెవడో పిన్నికి తెలియదు. ఆ పాత కంప్యూటర్లో బొమ్మ కదలాలంటే దాని నాణ్యత బాగా తగ్గించి పెట్టుకోవాలి. తగ్గిస్తే మనుషులూ బండరాళ్ళూ ఒకేలా ఉంటారు, తెర మీది అక్షరాలు అలుక్కుపోయి చీమల బారులా కనిపిస్తాయి.

ఆ సోమవారం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, నువ్వు ఇలా మొదట్లోనే చస్తూ ఉంటే నేనొక్కదాన్నే ఎంతసేపని పరిగెత్తను? ఆ డొక్కు కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకో. నాకు మీ బావ వేయించారు చూడు, ఆకుల మీద ఈనెలు కూడా కనిపిస్తాయట."

"చూద్దాంలే అక్కా."

"చూద్దాం గీద్దాం కాదు. ఈ ఆదివారానికల్లా వేయించావా సరే. లేదంటే మా తోడికోడల్ని పెట్టుకుంటా. నిన్న నువ్వు అర్జెంటు కుట్లున్నాయని రాలేదుగా, దాంతోనే ఆడాను."

తోడికోడలు! పిన్నికి ఒళ్ళు మండిపోయింది. అక్క పక్కన చోటు పిన్నిది. పుట్టినప్పటి నుంచీ పిన్నిదే. అమ్మ పోయాక ఆ ఇద్దరికీ తీరిగ్గా మాట్లాడుకోవడానికి వారం మొత్తంలో మిగిలింది ఆ గంటే, అదీ తుపాకులు పట్టుకుని. దాన్ని కూడా నిన్నగాక మొన్న వచ్చిన తోడికోడలు తన్నుకుపోతానంటే ఎలా ఊరుకుంటుంది?

పిన్ని దగ్గర ఉన్నది ఎనిమిది వేలు. మొగుడు లిఫ్టు మెకానిక్కు, వీధికంతా బాబాయి. ఆయన కంప్యూటర్ మూత విప్పి, కార్డుకు కరెంటు చాలుతుందో లేదో షాపులో అడగడానికి లోపలున్న కరెంటు డబ్బా మీది లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసి పెట్టాడు. పిన్ని టేపు దించి, కార్డు కూర్చునే జాగా పొడవు కొలిచి, ఒక చీటీ మీద రాసుకుంది. ఇద్దరూ మర్నాడే కంప్యూటర్ షాపుకు వెళ్ళారు.

షాపాయన ముందుగా ఇరవై వేల కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. దాని నిండా రంగురంగుల లైట్లు.

"డబ్బా మూసేశాక ఈ దీపాలు ఎవరు చూస్తారయ్యా? లైనింగు గుడ్డకు ఎంబ్రాయిడరీ చేసినట్టుంది," అంది పిన్ని.

ఆయన దాన్ని లోపల పెట్టేసి ఏడు వేలకు ఒక బుల్లి కార్డు చూపించాడు. "ఇది కొత్తది మేడమ్. ఆఫీసు పనికి బ్రహ్మాండంగా ఉంటుంది."

"నేను ఆఫీసుకు పోవట్లేదు. మనుషుల్ని కాల్చాలి."

షాపాయన బాబాయి వైపు చూశాడు. "నిజమేనండీ, ఆదివారాలు మాత్రమే," అన్నాడు బాబాయి.

అప్పుడు అసలైనది బయటికొచ్చింది. ఎవరో వాడి అమ్మేసిన మూడు ఫ్యాన్ల కార్డు, తొమ్మిది వేలు. పిన్ని దాన్ని తిరగేసింది, బోర్లించింది, ఫ్యాన్లు వేలితో తిప్పింది, వాసన చూసింది, మరలు ఎవరైనా విప్పి బిగించారా అని కళ్ళు చికిలించి చూసింది. తర్వాత షాపులోని కంప్యూటర్లో వేయించి, తన ఆటనే పెట్టించి, అరగంట సేపు కుర్చీలోంచి లేవలేదు. వెనక నిలబడ్డ కొనేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. షాపాయనకు తల ప్రాణం తోకకు వచ్చింది.

"వెయ్యి తగ్గించు," అంది పిన్ని.

"మేడమ్, ఇందులో నాకు మిగిలేదే అయిదొందలు."

"నీ ప్యాంటు కింద నేల ఊడుస్తోంది. చొక్కా భుజం మోచేతి దాకా జారింది. నాలుగు ప్యాంట్లూ నాలుగు చొక్కాలూ తెచ్చెయ్. నీ ఒంటికి సరిచేసి పెడతా, వెయ్యికి వెయ్యీ చెల్లు."

షాపాయన తన ప్యాంటు వైపు చూసుకుని దిగులుపడ్డాడు. "సరే. కానీ ఇది పదకొండు అంగుళాల కార్డు. పడుతుందో లేదో చూసుకోండి. సైజు చాలలేదని వెనక్కి తెస్తే తీసుకోను."

పిన్ని చీటీ తీసి చూసింది. పదకొండు అని గుండ్రంగా రాసుంది. "కొలతల గురించి నాకు చెబుతున్నావా?" అని ఒక్క నవ్వు నవ్వింది.

ఇంటికొచ్చి చూస్తే కార్డు పట్టలేదు. అడ్డంగా పెట్టినా, ఏటవాలుగా పెట్టినా, బతిమాలినా పట్టలేదు. బాబాయి తన స్కేలు తెచ్చి కొలిచాడు. సరిగ్గా పది అంగుళాలు.

"పదకొండని రాశావేంటే?"

పిన్ని తన కుడిచేతి వైపు చూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి ఎవరిని కొలిచినా ఒక అంగుళం కలిపే రాస్తుంది. ఒంటికి లూజు ఉండాలి, ఊపిరి ఆడాలి. టేపు పది చూపించింది, చెయ్యి దాని మానాన అది పదకొండు రాసేసింది. కంప్యూటర్‌కు కూడా ఊపిరాడాలనుకుంది కాబోలు, పాడు చెయ్యి!

"డబ్బులు పోయినట్టే," అన్నాడు బాబాయి.

పిన్నికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డబ్బుల కోసం కాదు. తోడికోడలు అక్కతో కిచకిచలాడుతూ దీవిలో నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఒళ్ళు పెరిగితే మనిషిని కోస్తామా ఏంటి? చొక్కా కుట్లు విప్పి వదులు చేస్తాం. మీ రేకుల కత్తెర ఇటివ్వండి."

"కంప్యూటర్‌కు ఆల్ట్రేషనా?"

"అవును, ఆల్ట్రేషనే!"

బాబాయి వైర్లన్నీ పీకి, లోపలి సరుకంతా మంచం మీద పరిచాడు. పిన్ని డబ్బా ముందు రేకు మీద సుద్దముక్కతో గీత గీసింది. ఈసారి చూపింది చూపినట్టు కొలిచింది. బాబాయి కత్తిరించాడు. అంచులు చేతికి గీసుకుంటాయని పిన్ని చుట్టూ మెరూన్ వెల్వెట్ పైపింగ్ అతికించింది. కార్డు కొస అంగుళం మేర ఆ కిటికీలోంచి బయటికి తొంగిచూసింది. స్విచ్చి వేస్తే మూడు ఫ్యాన్లూ తిరిగాయి. మొగుడూ పెళ్ళాలు ఒకరి చేతులొకరు పట్టుకుని గంతులేశారు.

ఆదివారం రెండింటికి పిన్ని దీవిలోకి దూకింది. అబ్బబ్బ, ఏం దీవండీ అది! ఇన్నాళ్ళూ తాను శత్రువనుకుని ప్రాణభయంతో దాక్కున్నది ఒక పొదను చూసేనని ఇప్పుడు తెలిసింది. మనుషుల నెత్తిన పేర్లు ముత్యాల్లా కనిపిస్తున్నాయి. పక్కనే అక్క బొమ్మ, నెత్తిన 'హెడ్‌మేడమ్' అన్న పేరు. పిన్ని గుండె పొంగిపోయింది.

"నడవవే, వెనక నేనున్నాగా," అంది అక్క.

పిన్ని నడిచింది. నాలుగో నిమిషంలో వెనక నుంచి టపీమంది. పిన్ని బొమ్మ బోర్లా పడింది. తెర మీద ఒక వరస వచ్చింది, మొదటిసారిగా చక్కగా చదవడానికి వీలుగా. పిన్నిని కాల్చినవారు: హెడ్‌మేడమ్.

"అయ్యో, మళ్ళీ ఎవడో వెధవ కొట్టేశాడే నిన్ను!" అంది అక్క.

పిన్ని నోరు తెరిచింది. అరవబోయింది. అంతలో అక్కే అందుకుంది. "నువ్వే నయమే తల్లీ. పోయిన ఆదివారం మా తోడికోడల్ని రెండుసార్లు ఎవడో కొడితే, అది ఏమందో తెలుసా? 'మీకు చత్వారం వచ్చిందక్కయ్యా, కళ్ళజోడు పెట్టుకోండి' అంది. నాకు చత్వారమా! వారం నుంచీ దాంతో మాటల్లేవు. ఇక ఈ జన్మలో దాంతో ఆడను."

పిన్ని తెరిచిన నోరు మూసేసింది.

బాబాయి తెర మీదికి వంగాడు. "అదేంటి, కాల్చింది మీ అ..." పిన్ని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"అవునక్కా," అంది, "ఎవడో దొంగసచ్చినోడు."

బాబాయి సగంలో ఆగిన మాట అటువైపు వినిపించినట్టుంది. అక్క గొంతు తగ్గించి అడిగింది. "కొత్త కార్డులో అన్నీ బాగా కనిపిస్తున్నాయా?"

"ఆఁ."

"పేర్లు కూడానా?"

"కూడానే అక్కా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నన్ను కూడా తీసేస్తావని." పిన్ని ఏడ్చేసింది. యాభై రెండేళ్ళ మనిషి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

"పిచ్చి మొహమా," అంది అక్క. "ఉండు." సొరుగు లాగిన చప్పుడు, డబ్బీ తెరిచిన చప్పుడు వినిపించాయి. "బావకు చెప్పావంటే చంపుతా. మళ్ళీ దిగు."

ఇద్దరూ మళ్ళీ దీవిలో దిగారు. అక్క బొమ్మ పిన్ని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఎదురుగా నిలబడింది. "ఓసినీ, నువ్వు ఇంత పొట్టిగా ఉంటావా ఇందులో! ఎర్ర చొక్కా, పచ్చ టోపీ... బాగా కనిపిస్తున్నావే. గుండీలు కూడా లెక్కపెట్టచ్చు."

"అమ్మయ్య," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ.

టపీమంది. పిన్ని బొమ్మ వెల్లకిలా పడింది.

"అక్కా!"

"ఇది మాత్రం చూసే కొట్టాను," అంది అక్క. "అక్కతో అబద్ధమాడతావా? లే, ఇంకో ఆట ఆడదాం."