వెచ్చని సీసం

దేన్నైనా తోసి చూడండి, వెంటనే కదలదు, మొరాయిస్తుంది. ఆ మొండితనం దాని ఒంట్లోనే పుట్టిందా, చుట్టూ ఉన్న లోకం దానికి అంటగట్టిందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడుతూనే అక్క జుట్టు నెరిసిపోయింది.

"నీ మొండితనం మాత్రం ఎవరూ అంటగట్టలేదక్కా, అమ్మ కడుపులోంచే తెచ్చుకున్నావ్," అనేది చెల్లెలు. అక్క ప్రయోగశాలలో సామానంతా చూసుకునేది ఆమే.

నేలమాళిగలో సన్నటి ఉక్కు తీగకి ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. మెలేసి వదిలితే అటూ ఇటూ తిరుగుతుంది. ఈ చలికాలం మొదలయ్యాక, చెల్లెలు చుట్టూ సీసపు దిమ్మెలు గోడలా పేర్చినప్పుడల్లా దాని తిరుగుడు మందగించింది. అంటే చుట్టూ బరువు పెరిగితే మొండితనమూ పెరిగినట్టేగా! మేడమీద హాల్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలంతా ఆ మాట అక్క నోట వినడానికే చేరారు.

వెళ్ళేముందు ఆఖరిసారి చూసుకుందామని అక్క తనే ఒక దిమ్మె ఎత్తింది. ఎత్తి అలాగే నిలబడిపోయింది. చలికి కొంకర్లు పోయే వేళ్ళకి సీసం హాయిగా తగిలింది.

"ఇది వెచ్చగా ఉందేమే?"

"ఉండదూ మరి? ఎప్పుడైనా చల్లటి సీసం ముట్టుకుంటే నీ కీళ్ళు పట్టేస్తాయని రోజూ హీటర్ దగ్గర పెట్టి తెస్తున్నా. చెబితే వద్దంటావని చెప్పలేదు."

వెచ్చని దిమ్మెలకి తీగ వేడెక్కింది. వేడెక్కి కాస్త మెత్తబడింది. బిళ్ళ మందగించింది అందుకు! ఇందులో లోకం చేసిందేమీ లేదు.

"కొట్లోంచి చల్లటివి పట్రా," అంది.

పేర్చారు. తీగ చల్లబడేదాకా కూర్చుని, మెలేసి వదిలారు. గోడ లేనప్పుడు ఎలా తిరిగేదో, బిళ్ళ అచ్చం అలాగే తిరిగింది.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. "నీ కొంప ముంచానక్కా... పోనీ, వెళ్ళి అనుకున్నదే చెప్పేయ్. హీటర్ సంగతి మనిద్దరికేగా తెలుసు!"

నోరారా తిట్టాలనుకుంది అక్క. వేళ్ళేమో ఆ వెచ్చదనాన్ని ఇంకా మర్చిపోలేదు, పాడు వేళ్ళు.

హీటర్ దగ్గర మిగిలిన దిమ్మె ఒకటి తీసి శాలువాలో చుట్టుకుని మెట్లెక్కింది. ఆమెని చూడగానే హాలంతా చప్పట్లు. నేరుగా వెళ్ళి దిమ్మెని సభాధ్యక్షుడి చేతుల్లో పెట్టింది. ఆయన బరువుకి ముందుకు తూలాడు.

"ఇదేంటమ్మా, వెచ్చగా ఉంది?"

"అదేనండీ, నేను కనిపెట్టింది," అంది అక్క.

చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగనేలేదు.