జొన్న నీళ్లు

పోయిన చలికాలం రియాసత్ తన గోధుమ చేలో కలుపుమందు కొట్టి, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అతని అక్క కనీజ్ ఎప్పటిలాగే చేలోకి దిగి, గోధుమ మధ్య కలుపుగా మొలిచిన బతువా ఆకుకూర కోసుకెళ్లి వండుకుంది. పొద్దుగూకేసరికి వాంతులు. జరాన్‌వాలా ఆసుపత్రిలో బతికి బయటపడింది గానీ, ఆ తర్వాత తమ్ముడి గడప తొక్కలేదు. దారిలో ఎదురుపడినా ముసుగు సర్దుకుని పక్కకు తిరిగిపోయేది.

ఈ ఏడు మందు సీసా ముట్టుకోనన్నాడు రియాసత్. గోధుమతో పాటు కలుపూ ఏపుగా లేచింది. అతను గట్టు మీద దిగాలుగా కూర్చునేవాడు.

"చూస్తూ కూర్చుంటే చస్తుందా కలుపు?" అంది భార్య హమీదా. "జొన్న వేసిన చేలో తర్వాత ఏదీ సరిగ్గా ఎదగదని మామయ్య తిట్టుకునేవాడు కదా. ఆ గుణమేదో కలుపు మీదే చూద్దాం. వ్యవసాయ కాలేజీ వాళ్లూ అదే చేస్తున్నారని, ఎదిగిన గోధుమకేం కాదని రేడియోలో చెప్పారు."

ఎండిన జొన్న చొప్ప నరికి డ్రమ్ములో నానబెట్టింది. వడకట్టిన నీళ్లను పొయ్యి మీద చిక్కబడేదాకా కాచింది.

పక్క చేను షేరలీ నవ్వాడు. "ఏంటమ్మా, గోధుమకి జలుబు చేసిందా? కషాయం కాస్తున్నావ్!"

"మిగిలితే నీకూ పోస్తాలే అన్నా."

రియాసత్ ఆ నీళ్లు పిచికారీ చేశాడు. కొద్దిరోజులకు కలుపు కొంత పసుపెక్కి వాడింది. కొంత గిడసబారింది. మిగతాది పెరుగుతూనే ఉంది.

"సగమేగా పోయింది!" అన్నాడు.

"మిగతా సగానికి చేతుల్లేవా మనకి?"

ఇద్దరూ వంగి పీకుతుంటే గట్టు మీద కనీజ్ కనబడింది. షేరలీ ఎగతాళిగా చెప్పిన కబురు ఆమెదాకా వెళ్లింది.

"ఏం కొట్టావురా?"

"జొన్న నీళ్లక్కా. ఇంకేం లేదు."

"నిన్ను నమ్మమంటావా?"

రియాసత్ చేతిలోని బతువా చిగుళ్లు నోట్లో వేసుకుని నమలసాగాడు.

"కడక్కుండా తింటావేంట్రా గాడిదా! మట్టి!" గబగబా చేలోకి దిగి అతని చెయ్యి పట్టుకుంది కనీజ్.

ఏడాది తర్వాత అక్క తిట్టిన మొదటి తిట్టు అది. రియాసత్ కళ్లు నిండాయి. "ఆరోజు చెప్పాల్సిందక్కా. చెప్పలేదు."

"చెప్పలేదు," అంది కనీజ్. అతని చెయ్యి వదిలి, హమీదా పక్కన కూర్చుని కలుపు పీకడం మొదలుపెట్టింది. లేత బతువా మాత్రం విడిగా ఒళ్లో వేసుకుంటూ పోయింది.