మోటారు నవ్వు

కొట్టు పెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి ఒక మీటరు బద్ద, ఒక కత్తెర, మిల్లు నుంచి తక్కువలో దింపుకున్న కొన్ని తానులు. మా అమ్మాయి నవ్వు కూడా ఉంది గానీ దాన్ని లెక్కలో వేసుకోలేదు. ఊరికే వచ్చినదాన్ని ఏ వ్యాపారీ లెక్కలో వేసుకోడు.

ఆ నవ్వు ముందు గొంతులో రెండు మూడుసార్లు గుర్రుమని, తర్వాత ఒక్కసారిగా అందుకునేది. అందుకుందంటే కొట్టులో ఉన్నవాళ్ళు బేరం మరిచిపోయి తామూ నవ్వేవారు. "ఈ పిల్ల నవ్వుతుంటే తగ్గించమని అడగడానికి నోరు రాదయ్యా, ఏం కిటుకు పెట్టావు!" అనేది మా పాత ఖాతాదారు కుట్టుపనావిడ.

పదిహేనో ఏట అమ్మాయి బడి నుంచి వచ్చాక బట్ట కొలిచేది. ఎంత సందడిలోనైనా కొలత తప్పేది కాదు.

ఆ ఏడు బడులు తెరిచే ముందు తానుల చివరి ముక్కలు గుట్టగా మిగిలిపోయాయి. కొట్టు పేరున ఫోనులో వీడియో పెడదామన్నది నేనే. అమ్మాయి గుట్ట పక్కన నిలబడి "ఏ ముక్కైనా ఒకటే ధర" అనాలి. అనబోతుండగా గుట్ట జారి, ఫోను పట్టుకున్న నా మీద పడింది. ఇక నవ్వు అందుకుంది. నేను తీసింది తీసినట్టే పెట్టేశాను.

రెండో రోజుకి తన క్లాసు పిల్లలు ఆ నవ్వును కత్తిరించి, స్టార్టవని మోటారు బొమ్మకి అతికించారు. మర్నాటికి ఎవరో గాడిదకి అతికించారు. కింద రాతలు. "ఆయిలు పొయ్యండ్రా." "ఈ మోటారుని ఎవడు కట్టుకుంటాడో పాపం." నాలుగో రోజు కొట్టు ముందు జనం.

"ఏదయ్యా మోటారమ్మాయి? ఒక్కసారి నవ్వమను."

"నవ్వవే తల్లీ, నీ సొమ్మేం పోయింది?" అన్నాను నేను.

మూడుసార్లు నవ్వింది. నాలుగోసారి గొంతులో గుర్రుమని అక్కడే ఆగిపోయింది. జనం మాత్రం ముక్కలు కొనుక్కునే వెళ్ళారు.

సాయంత్రం షట్టరు దించుతుంటే అడిగింది.

"నాన్నా, అది తీసెయ్యవా?"

"పది రోజులు ఓర్చుకోమ్మా. బడులు తెరిస్తే సీజను అయిపోతుంది, అప్పుడు తీసేద్దాం. నవ్వేవాళ్ళు నవ్వి పోతారు."

తాళం నా చేతికిచ్చి ముందు నడిచింది. సరేనన్నదనుకున్నాను.

మర్నాడు వాళ్ళ లెక్కల టీచరు వచ్చింది. బట్టల వంక చూడనైనా చూడలేదు.

"ఇప్పుడే తీసేయండి. ఆ రాతలన్నీ ఫొటోలు తీసి నాకివ్వండి. మొదలుపెట్టింది నలుగురే, ఎవరో నాకు తెలుసు. వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిపించి కూర్చోబెడతాను. పోలీసుల దాకా వెళ్ళాల్సొస్తే మీ వెంట నేనూ వస్తాను. ఇవాళైతే మన చేతిలో ఉంది."

"ఆ నలుగురి యూనిఫారం బట్టా నా దగ్గరే కొంటారు మేడమ్."

ఆవిడ నా చేతిలోని బద్ద వంక చూసింది. "పిల్లని కూడా దాంతోనే కొలుస్తున్నారన్నమాట" అని లేచి వెళ్ళిపోయింది.

పది రోజులు ఇరవై అయ్యాయి. నేను తీసేసేనాటికి అది నా ఒక్కడి దగ్గర ఆగలేదు, అందరి ఫోన్లలోనూ ఉంది.

మరుసటి ఏడు కాలేజీలో మొదటి రోజే వెనక బెంచీలోంచి ఎవరో మోటారు చప్పుడు చేశారట. రెండో రోజు వెళ్ళలేదు. మందులిచ్చే డాక్టరుకి, మాట్లాడించే డాక్టరుకి చూపించాను. నిద్ర పడుతోంది. అంతవరకే.

పదకొండేళ్ళయింది. ఇప్పుడు కొట్టు వెనక గదిలో బట్ట కొలుస్తుంది. కొట్టు ముందు వైపు ఎవరైనా తమలో తాము నవ్వుకుంటే చాలు, బద్ద మీద చెయ్యి ఆగిపోతుంది. బట్ట వెనక్కి లాగి మళ్ళీ మొదటి మీటరు నుంచి కొలుస్తుంది. వాళ్ళు నవ్వేది తనని కాదని తనకీ తెలుసు. అయినా మళ్ళీ మొదటి నుంచే.

పక్కన కొత్తగా చెప్పుల కొట్టు పెట్టినతను మొన్న తన ఏడేళ్ళ కూతురిని కొత్త బూట్లలో గెంతించి వీడియో పెట్టాడు. పిల్ల జారిపడింది. దానికే జనం పెరిగారు.

"తీసెయ్ తమ్ముడూ, నా మాట విను" అన్నాను.

"మీ ముక్కలు అమ్ముకున్నాక నాకు నీతులా అన్నా? బావుంది వరస!"

వెనక గదిలో మా అమ్మాయి విన్నది. బద్ద పక్కన పెట్టి, ఎన్నేళ్ళకో తనంత తాను కొట్టు ముందుకొచ్చి, అటు వెళ్ళింది.

"బాబాయ్, ఇవాళైతే మీ చేతిలో ఉంది. తీసెయ్యండి" అంది. టీచరు మాట. ఆ రోజు తను లోపల్నుంచి విన్నదని నాకప్పుడే తెలిసింది.

అతను తల గోక్కున్నాడు. ఈలోగా అతని కూతురు ఎగిరి గంతేసింది.

"నువ్వు మోటారక్కవి కదూ! మా క్లాసులో అందరం చూశాం. ఒక్కసారి నవ్వవా అక్కా?"

పసిదానికి కల్మషం లేదు. ముద్దుగానే అడిగింది. తండ్రి ఫక్కున నవ్వాడు. "మా బుడ్డిది కూడా ఇలాగే పేరు తెచ్చుకోవాలి" అన్నాడు.

మా అమ్మాయి ఆ పిల్ల తల నిమిరి తిరిగొచ్చింది. వెనక గదిలో బద్ద తీసుకుని మొదటి మీటరు నుంచి మొదలుపెట్టింది. పక్క కొట్టు వీడియో ఇంకా అలాగే ఉంది.

పదకొండేళ్ళ కిందటి ఆ సీజనులో గుట్టలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. నాకు వచ్చింది అదే.