మధ్యాహ్నం రెండింటి మీటింగు

మరిగే నీళ్ల గుండిగ ఒరిగిపోయి వంటపిన్ని కుడిచెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది. హాస్టల్ మెస్‌లో కంచాలు పట్టుకుని వరుసకట్టిన వందమంది విద్యార్థులు చూస్తుండగానే జరిగింది. గుండిగకి ఒకవైపు పిడి ఊడి మూడు నెలలైంది. ఆ సంగతి పిన్ని కాంట్రాక్టరుకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కాంట్రాక్టరు వచ్చాడు. నేలమీద పారిన నీళ్లు చూశాడు గానీ ఆమె చెయ్యి చూడలేదు.

"కళ్లు నెత్తికెక్కాయా? ఒంటిచేత్తో ఏం వండుతావ్? రేపట్నుంచి రాకు," అన్నాడు.

వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.

ఆ వరుసలో సంతకాలక్క కూడా ఉంది. అసలు పేరు సర్టిఫికెట్లలో ఉండే ఉంటుంది, క్యాంపస్‌కి మాత్రం ఆమె సంతకాలక్కే. మెస్ కార్మికుల కోసం ఒక విద్యార్థి క్లబ్బు పెట్టి, దానికి తానే కార్యదర్శై, నాలుగేళ్లుగా చంకలో రిజిస్టరుతో సంతకాలు అడుక్కుంటూ తిరుగుతోంది. ఏ క్లబ్బైనా ఏటా పాతికమంది సంతకాలతో మళ్లీ పుట్టాలని యూనివర్సిటీ రూలు. ఏడాది మొదట్లో పాతికమందీ వస్తారు, గొంతులు చించుకుంటారు. పరీక్షలు దగ్గరపడేసరికి ఏడుగురు మిగులుతారు. పట్టాలు పుచ్చుకుని ఆ ఏడుగురూ వెళ్లిపోతారు. మళ్లీ మొదటికే. ఆఫీసు ఏ క్లబ్బునీ నిషేధించదు, దానికేం ఖర్మ! కాళ్లు బారచాపుకుని ఎదురుచూస్తుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే పోతారని దానికి తెలుసు.

ఇప్పుడు వెళ్లిపోయే వంతు సంతకాలక్కకి వచ్చింది. ఇంకో నెలలో చదువైపోతుంది. తాను గేటు దాటిన రోజే క్లబ్బుకి నూరేళ్లు నిండుతాయని ఆమెకి తెలుసు. ఆ బెంగ మోసీ మోసీ అలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఉండే ఒంటిగదికి వెళ్లింది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన మెస్ పెద్దవంటాయన ఉన్నాడు.

"సాయంత్రం అయిదింటికి మీటింగు పెడుతున్నా పిన్నీ. మీరంతా రావాలి. ఈసారి గట్టిగా అడుగుదాం."

పెద్దవంటాయన నవ్వాడు. "నాలుగేళ్లనుంచీ అయిదింటికే పెడుతున్నావు తల్లీ. అయిదింటికి మేమెక్కడుంటాం?"

"ఎక్కడుంటారు?"

"పొయ్యి దగ్గర! ఏడింటికల్లా మీ కంచాల్లో పడాలి కదా. మాకోసం పెట్టిన మీటింగులో మేం తప్ప అందరూ ఉంటారు."

సంతకాలక్కకి తల కొట్టేసినట్టయింది. వాళ్ల తరఫున తీర్మానాలు రాసింది, చదివింది, చప్పట్లు కొట్టించింది. వాళ్లకి తీరికెప్పుడో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"మరెప్పుడు పెట్టమంటారు బాబాయ్?"

"మధ్యాహ్నం రెండింటికి. గిన్నెలు తోమాక కాసేపు నడుం వాలుస్తాం. ఆ కాసేపూ ఇస్తాంలే."

పిన్ని అప్పుడు నోరు విప్పింది. "మీరొస్తారు, పోతారు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే పడున్నది మేం. మీ క్లబ్బులో మమ్మల్ని చేర్చుకోవాలని ఎప్పుడైనా తోచిందా?"

"రూలు ఒప్పుకోదు పిన్నీ. విద్యార్థులే సభ్యులు."

"ఆ రూలేనమ్మా నన్ను గెంటేసింది. మా తరఫున అడిగేవాళ్లు లేకే కదా రాకు పొమ్మన్నాడు."

రెండింటికి మీటింగనగానే విద్యార్థులు సణిగారు. "ల్యాబుంది అక్కా. హాజరు పోతుంది," అన్నాడు క్లాసులో ఫస్టొచ్చే కుర్రాడు. "వాళ్లు నిద్ర మానుకుని వస్తున్నారు. నువ్వు ల్యాబు మానుకోలేవా?" అంది సంతకాలక్క. ఆ మాట గట్టిగా అనే ఓపిక కూడా ఆమెకి లేదు. కుర్రాడు వచ్చాడు.

మెస్ హాల్లో విద్యార్థులు తొమ్మిదిమంది, వంటవాళ్లు పదముగ్గురూ కూర్చున్నారు. సంతకాలక్క రూలు తెలిసీ పదముగ్గురి పేర్లూ రిజిస్టరులో సభ్యులుగా రాసింది. పిన్నిని పనిలోకి తీసుకోవాలన్నది ఒకటో అంశం.

"పని ఆపుదాం," అన్నాడు కుర్రాడు.

"నీకేం బాబూ, నోటిమాట. పొయ్యి ఆరితే మా ఇళ్లల్లోనూ ఆరుతుంది," అన్నాడు పెద్దవంటాయన. వాదన తెగలేదు.

ఈలోగా ఆ పేర్ల సంగతి ఆఫీసుకి చేరినట్టుంది, డీన్ వచ్చాడు. వెనక కాంట్రాక్టరు, గుమస్తా, వాచ్‌మన్. డీన్ చేతిలో కాగితం ఉంది.

"బయటివాళ్లని క్లబ్బులో చేర్చినందుకు నిన్ను సస్పెండ్ చేశాం. సాయంత్రానికల్లా హాస్టల్ ఖాళీ చెయ్యి. మీటింగు ముగిసింది. అందరూ పనిలోకి పొండి."

నిజం చెప్పాలంటే సంతకాలక్కకి కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "సార్, కార్యదర్శి సంతకం పెడితేనే మీటింగు ముగిసినట్టండీ. రూలు."

"పెట్టవమ్మా."

"నన్ను సస్పెండ్ చేశారు కదా సార్. నా సంతకం చెల్లదు," అంది సంతకాలక్క.

హాలంతా గొల్లున నవ్వింది. డీన్ మొహం కందగడ్డయింది. "అయితే ఇంకొకర్ని ఎన్నుకుని తగలడండి!"

పెద్దవంటాయన లేచి పిన్నివైపు చెయ్యి చూపించాడు. చేతులు లేచాయి. మొదట పొయ్యిసెగకి నల్లబడ్డవి, తర్వాత ఇంకు మరకలవి. బయటివాళ్లని ఎన్నుకోమన్నది తానేనని డీన్‌కి అర్థమయ్యేసరికి గుమస్తా లెక్కపెట్టడం కూడా అయిపోయింది.

"సరే, పెట్టు సంతకం," అన్నాడు పళ్లు కొరుకుతూ.

పిన్ని ఎడమచేత్తో రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "పెడతా సార్. ఒకటో అంశం తేలనీండి."

"ఏంటది?"

"నేనే."

మీటింగు ముగియలేదు కాబట్టి ఎవరూ లేవలేదు. పెద్దవంటాయన ఒకసారి వంటింటివైపు చూసి, మళ్లీ చాప మీద సర్దుకుని కూర్చున్నాడు.

ఏడింటికి సంతకాలక్క పెట్టె మోసుకుంటూ గదినుంచి దిగింది. మెస్ ముందు కంచాలతో వందలమంది ఉన్నారు. లోపల పొయ్యి వెలగలేదు. కొందరు తిడుతున్నారు. కొందరు కంచాలు బోర్లించి వాటిమీదే కూర్చుంటున్నారు. ఆగి వాళ్లకి నచ్చజెప్పాలనుకుంది గానీ ఆగలేదు. గేటు దగ్గర పెట్టె దించి, దానిమీద కూలబడింది.

"నువ్విక్కడున్నావు. మరక్కడెవరమ్మా నడుపుతున్నది?" అన్నాడు వాచ్‌మన్.

ఆమె చెవి ఒగ్గి విన్నది. ముందు గోల, ఆ తర్వాత కాంట్రాక్టరు అరుపులు వినిపించాయి. వాటిని మించి పిన్ని గొంతు లేచింది.

"కాంట్రాక్టరు బాబూ, అలా మీదపడకండి. మాట్లాడాలంటే చెయ్యెత్తండి."